కళాశాల బాస్కెట్‌బాల్: 162 గొప్పదా, 159 గొప్పదా?

తిరుపతి విద్యార్థి:
అమెరికా కళాశాలల పురుషుల మొదటి డివిజన్‌లో స్టీఫెన్ కరీ 2007-08లో డేవిడ్‌సన్ కళాశాల తరఫున 162 మూడు పాయింట్ల బుట్టలు వేసి, ఒక సీజన్ రికార్డు నెలకొల్పాడు. 2022-23లో డెట్రాయిట్ మెర్సీకి చెందిన ఆంత్వాన్ డేవిస్ 159 వద్ద ఆగిపోయాడు. వీటిలో దేనిని గొప్పదిగా భావించాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరా?

చిత్తూరు మాజీ ఆటగాడు:
తమ్ముడూ, ముందుగా మూడు పాయింట్ల గీతను చూడాలి; దాని వెనుక నుంచి వేసిన బుట్టకే మూడు పాయింట్లు. కరీ ఆ రికార్డు నెలకొల్పినప్పుడు గీత బుట్టకు 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది. 2008-09లో దానిని ఒక అడుగు వెనక్కి జరిపారు, 2019-20 నుంచి మన మైదానాల్లో గీసే 6.75 మీటర్లకే మార్చారు. రెండడుగులకు పైగా అదనపు దూరం నుంచి 159 వేయడం, పైగా అయిదు సీజన్లలో మొత్తం 588 పూర్తి చేయడం నా దృష్టిలో మరింత కఠినమైన పని. ఆ రెండడుగులు అలసిన కాళ్లకే తెలుస్తాయి.

తిరుపతి శిక్షకుడు:
అన్నగారి లెక్కను గౌరవిస్తాను, కానీ నేను కరీ వైపే ఉంటాను. ప్రత్యర్థులందరి దృష్టీ తనపైనే ఉన్నప్పటికీ, అతడు ఒక చిన్న కళాశాలను 2008 జాతీయ టోర్నీలో చివరి ఎనిమిది జట్ల వరకు తీసుకెళ్లాడు. అక్కడ కాన్సాస్ చేతిలో 59-57తో, కేవలం రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

తిరుపతి విద్యార్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. రేపటి నుంచి 6.75 మీటర్ల గీత వెనుక నుంచే సాధన చేస్తాను.