హొరేస్ పద్యంలో ఫౌనస్, చివరి పాదంలో పలుగు మనిషి

పాశ్చాత్య పురాణాల్లో సగం మనిషి, సగం జంతువుగా కనిపించే ఫాన్, సేటర్ ఒకటేనా అని అడిగిన మిత్రులకు నిఘంటువు కన్నా ఒక పద్యం మేలైన జవాబు చెబుతుంది. రోమన్ కవి హొరేస్ (క్రీ.పూ. 65–8) గీతాల మూడో సంపుటిలో 18వది. సంపుటి వెలువడింది క్రీ.పూ. 23లో. లాటిన్ మూలంలో ఎత్తుగడ ఇది:

ఫౌనె, నింఫారుమ్ ఫుగియెంతుమ్ అమాతొర్

"పారిపోయే వనకన్యలను వలచేవాడా, ఫౌనస్!" ఈ ఒక్క పాదమే చదివితే తాగి తూలే సేటరే గుర్తుకొస్తాడు. రెండో పాదం నుంచి స్వరం మారిపోతుంది. నా గట్ల మీదుగా, ఎండ కాసే పొలాల మీదుగా మెల్లగా రా, వెళ్లేటప్పుడు మందలోని పసికూనలను చల్లగా చూసి వెళ్లు, ఏడాది చివర నీకు మేకపిల్ల, నిండా ద్రాక్షసారా, పాత బలిపీఠం మీద దట్టంగా ధూపం. పొలిమేర దేవతకు మొక్కు చెల్లించి సాగనంపే ఊళ్లవాళ్లకు ఈ భక్తి, ఇందులోని బెదురు వెంటనే అర్థమవుతాయి.

ఫౌనస్ ఇటలీ పల్లెల దేవుడు, ఒక్కడు; ఫాన్ అనే మాట ఆయన పేరు నుంచి వచ్చిందే. సేటర్లు గ్రీకువాళ్లు, మద్య దేవుడు డయోనైసస్ వెంట తిరిగే గుంపు. పాత ఏథెన్సు కుండల మీది సేటర్లకు గుర్రపు తోక, గుర్రపు చెవులు ఉంటాయి. మేక కాళ్లు పాన్ అనే మరో గ్రీకు దేవుడివి. ఫౌనస్‌ను పాన్‌తో ఒకటిగా చూడటం మొదలయ్యాక హద్దులు చెరిగిపోయాయి. హొరేసే మరో గీతంలో (రెండో సంపుటి, 19వది) మేక కాళ్ల సేటర్ల గురించి రాశాడు. మ్యూనిక్‌లో ఒళ్లు తెలియక నిద్రపోతున్న ప్రసిద్ధ పాలరాతి విగ్రహం సేటర్‌దే, పేరు మాత్రం బార్బెరీని ఫాన్.

నన్ను కట్టిపడేసేవి చివరి రెండు చరణాలు. డిసెంబరు 5, ఫౌనస్ పండుగ. కాడి దిగిన ఎద్దుతో పాటు ఊరంతా పచ్చికలో సేదదీరుతోంది. బెదురు మరచిన గొర్రెపిల్లల మధ్య తోడేలు తిరుగుతోంది. అడవి దేవుడి కోసం ఆకులు రాలుస్తోంది. ఆ తరువాత:

గౌదెత్ ఇన్వీసమ్ పెపులిస్సె ఫొస్సొర్
తెర్ పెదె తెర్రమ్

"తాను ద్వేషించే నేలను ముమ్మారు కాలితో తన్ని పలుగు మనిషి మురిసిపోతాడు."

నాట్యం అన్నమాట! ఛందస్సు కూడా ఆడుతోంది. చివరి పాదాన్ని మన లెక్కలో గణవిభజన చేయండి: ఒక భగణం, రెండు గురువులు. తెర్, తెర్ అని రెండు చోట్ల గురువు పడి అడుగు వినిపిస్తుంది. పైన ఉండే మూడు పెద్ద పాదాలకు పదకొండేసి అక్షరాలు: ర, త, జ, గగ. మన ఇంద్రవజ్రం త, త, జ, గగ. రెండో అక్షరం, మూడో అక్షరం గురులఘువులు తారుమారు చేస్తే ఒకటి మరొకటి అయిపోతుంది. ఇంద్రవజ్రం రాయగలిగినవారు ఈ నడకలో తెలుగు అనువాదం ప్రయత్నించాలని నా కోరిక.

వ్యాఖ్య: చాలా బాగుందండీ. కానీ "ద్వేషించే నేల" మరీ కటువుగా లేదా? పండుగ పద్యం కదా, "అలసట పెట్టిన నేల" అంటే సరిపోతుందేమో.

జవాబు: వద్దండీ, ఆ కటుత్వం మూలంలోనే ఉంది. 'ఇన్వీస' అంటే కంటగింపైనది. తన పోషకుడు మైకేనస్ ఇచ్చిన, రోమ్ దగ్గరి సేబైన్ ప్రాంతపు పొలానికి హొరేస్ యజమాని, తవ్వేవాడు కాదు. మరో రచనలో ఎదురు మాట్లాడిన దావుస్ అనే బానిసను, ఇక్కడి నుంచి కదలకపోతే సేబైన్ పొలంలో తొమ్మిదో పనివాడివి అవుతావని బెదిరిస్తాడు. అంటే అక్కడ అప్పటికే ఎనిమిది మంది ఉన్నారు, ఆ పొలానికి పంపడమే ఒక శిక్ష. తన ఎండ కాసే పొలాలు పద్యం మొదట్లో యజమానికి ముద్దు, చివర్లో తవ్వేవాడికి పగ. రెండూ ఒకే నేల. "అలసట" అని మెత్తబరిస్తే ఈ రెండో మనిషి మాయమైపోతాడు.