అప్‌డేట్: నేమోర్ పాత కామిక్స్, ఏ వాల్యూమ్‌తో మొదలెట్టానంటే

మొన్న అడిగాను కదా, నేమోర్ (సబ్‌మెరైనర్ అనేది ఇతని ఇంకో పేరు, సముద్రంలో ఉండే హీరో) కథలకి మార్వెల్ మాస్టర్‌వర్క్స్‌లో, అంటే పాత ఇష్యూల్ని పుస్తకాలుగా మళ్లీ వేసే సిరీస్‌లో, గోల్డెన్ ఏజ్ (1930, 40ల నాటి తొలి కామిక్స్ కాలం) సబ్‌మెరైనర్ కొనాలా, గోల్డెన్ ఏజ్ మార్వెల్ కామిక్స్ కొనాలా అని. రెండోదే ముందు చదవమన్న అన్నకి చాలా థ్యాంక్స్ అండి, అదే కరెక్ట్.

ఎందుకంటే సబ్‌మెరైనర్ మొదటి వాల్యూమ్‌లో ఉన్నది 1941లో మొదలైన అతని సొంత పత్రిక, 1 నుంచి 4 ఇష్యూలు, అప్పటికే నాజీల మీద పోరాడుతుంటాడు. నేమోర్ అసలు కోపం చూడాలంటే 1939 మార్వెల్ కామిక్స్ 1 చదవాల్సిందే. సముద్రం అడుగున డైవర్లని రోబోలనుకుని ఒకడి హెల్మెట్‌ని చేతుల్తో నలిపేస్తాడు, లోపల మనిషి ఉన్నాడని కూడా తెలీదు, అలాంటోణ్ణి హీరోగా పెట్టి కథ నడిపాడంటే అతన్ని సృష్టించిన బిల్ ఎవరెట్ ధైర్యానికి దండం పెట్టాలి! ఆ కథలో మొదటి 8 పేజీలు వేరే బ్లాక్ అండ్ వైట్ పత్రిక కోసం గీసినవి, తర్వాత 4 కలిపారు, నీళ్ల షేడింగ్ చూస్తే ఆ తేడా కనిపిస్తుంది.

ఒంటికి మంటలుండే హీరో హ్యూమన్ టార్చ్‌తో ఫైట్ కావాలంటే మార్వెల్ మిస్టరీ (2వ ఇష్యూ నుంచి మార్వెల్ కామిక్స్ పేరే ఇది) 8, 9 చదవండి, 8 గోల్డెన్ ఏజ్ మార్వెల్ కామిక్స్ రెండో వాల్యూమ్‌లో, 9 మూడోదాంట్లో పడ్డాయి కాబట్టి రెండూ కొనాలి.

1942లో ఎవరెట్ ఆర్మీకి వెళ్లాక వేరేవాళ్లు గీశారు, నాకైతే వాళ్ల గీత నచ్చలేదు. జపాన్ వాళ్లని గీసిన తీరు చాలా దారుణం, పిల్లలకి ఇచ్చే ముందు మీరు చూడండి.