కాకమాచి, కాకమారి: ఒక్క అక్షరం తేడా, తినే పండా విషపు పండా?

ప్రశ్న: పాత వైద్య గ్రంథానికి తెలుగు చేస్తున్నాను. ఒకచోట "కాకమాచి", ఇంకోచోట "కాకమారి" అని ఉంది. అచ్చుతప్పు అనుకుని రెండూ ఒకటి చేసేయవచ్చా? రెండింటికీ నల్లటి చిన్న పండ్లే అని రాశారు.

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. కాకమాచి అంటే మన కామంచి. కాకమారి వేరే కుటుంబపు మొక్క, గింజలో పిక్రోటాక్సిన్ అనే మూర్ఛలు తెప్పించే విషం ఉంటుంది. చేపలు మత్తెక్కి తేలడానికి నీళ్లలో కలిపే కాయ ఇదే. "మారి" అంటే చంపేది. అచ్చులో "చ", "ర" తారుమారైతే కూరాకు కాస్తా విషమవుతుంది. అనువాదంలో పేరు పక్కన శాస్త్రీయ నామం తప్పక ఇవ్వండి: కామంచికి సొలానమ్ నైగ్రమ్, కాకమారికి అనామిర్టా కాక్యులస్.

ఇంకొకరు: పేరులో "కాకి" ఉంటే విషమనే లెక్క కూడా కుదరదు. కాకిదొండ తినేదే కదా. "పిట్టలు తింటే మనమూ తినొచ్చు" అన్నదీ అంతే. పిట్ట గింజను నమలదు, మింగి అలాగే విసర్జిస్తుంది. గింజలో ఉన్న విషం దాన్ని తాకకపోవచ్చు, నమిలిన మనిషిని తాకుతుంది.

అడిగినవారు: సరే. మొక్కే ఎదురుగా ఉంటే ఎలా పోల్చుకోవాలి?

జవాబు: పండుతో మొదలుపెట్టకండి, మొక్క తీరు చూడండి. కామంచి మెత్తటి గుల్మం, మోకాలెత్తు, మహా అయితే నడుమెత్తు. పూలు చిన్నవి, తెల్లవి, అయిదు రేకులు, మధ్యలో పసుపు పుప్పొడి తిత్తులు ముక్కులా పొడుచుకు వస్తాయి. వంగ, టమాట పూలు చూసినవారికి వెంటనే తెలుస్తుంది. పండ్లు చిన్న గుత్తులుగా వేలాడతాయి. గుత్తి కాడ ఆకు మొదట్లోంచి కాకుండా, రెండు కణుపుల మధ్య కాండం మీంచి వస్తుంది.

కాకమారి చెట్లమీద పాకే కట్టెతీగ. ఆకు హృదయాకారం, పెద్దది. తిప్పతీగ కుటుంబం కాబట్టి ఆ పోలిక కనబడుతుంది. కాయలు ముదురు కాండం మీద పొడవాటి గెలలుగా దిగుతాయి.

ఇంకా అనుమానం ఉంటే చేతొడుగు వేసుకుని పండును అడ్డంగా కోయండి. కామంచిలో టమాటలోలాగే గుజ్జు నిండా బల్లపరుపు చిన్న గింజలు. కాకమారిలో ఒకటే గట్టి, వంపు తిరిగిన గింజ. కోసిన చాకు, చేతులు సబ్బుతో కడగండి. నాలుకకు తాకించి చూడటం పరీక్ష కాదు.

ఇంకొకరు: కామంచి అని తేలినా పచ్చి కాయలు తినకూడదు. వాటిలో సొలనిన్ అనే విషం ఎక్కువ. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి రావచ్చు, అదీ కొన్ని గంటలు ఆలస్యంగా. పూర్తిగా నల్లబడి మెత్తబడినవే పండ్లు. కామంచి ప్రజాతిలో పోలికలున్న మొక్కలు చాలా ఉన్నాయి, కొన్నింటికి నారింజ రంగు పండ్లు. అన్నింటినీ "కామంచి" పద్దు కింద వేస్తే చదివేవాడు మోసపోతాడు.

ఇంగ్లీషు నుంచి అనువదించేవారికి ఇంకో ఉచ్చు: "నైట్‌షేడ్". ఆ మాట కామంచికీ వాడతారు, బెల్లడోనా అనే విషపు మొక్కకీ వాడతారు. బెల్లడోనా పండు గుత్తిలో ఉండదు, ఒక్కటే ఉంటుంది. చెర్రీ అంత, నున్నగా నల్లగా మెరుస్తుంది. పండు కింది పుష్పకోశం అయిదు కొనలతో నక్షత్రంలా పండును దాటి విచ్చుకుంటుంది. కామంచి కోశం చిన్నది, పండు కిందే ఒదిగి ఉంటుంది. బెల్లడోనా పువ్వు గంట ఆకారంలో మాసిన ఊదా రంగు. కొద్ది పండ్లే పిల్లల ప్రాణం మీదికి తెస్తాయి.

అడిగినవారు: మరి ఫొటో పెట్టి పేరు అడిగేవారికి ఏం చెప్పాలి?

జవాబు: ఒక్క పండు ఫొటో చూసి ఎవరూ పేరు చెప్పకూడదు. ఆకు రెండువైపులా, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకదాని తర్వాత ఒకటా, పువ్వు, కోశంతో సహా పండు, కోసిన పండు, పక్కన స్కేలు. ఇవన్నీ ఉన్నాకా మొక్కల గురించి తెలిసినవారు ఇద్దరు ఒకే మాట చెప్పాలి. ఫోన్ యాప్ చెప్పిన పేరు వెతకడానికి ఆధారమే, తినడానికి అనుమతి కాదు.

ఇప్పటికే తినేసి ఉంటే పేరు తేలేదాకా ఆగకండి. నోట్లో మిగిలింది ఉమ్మేయించి, మిగిలిన పండ్లూ కొమ్మా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. బలవంతంగా వాంతి చేయించవద్దు. మూర్ఛ వచ్చే విషమైతే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకొకరు: అనువాదానికి ఇంకొక్కటి. కాకమారి ఎండుకాయకు పాత వ్యాపార నామం "కాక్యులస్ ఇండికస్". ఇప్పుడు కాక్యులస్ అనే ప్రజాతిలో ఉన్నది మన దూసరతీగ. పాత పుస్తకంలో కాక్యులస్ అని కనబడగానే దూసరతీగ అని రాసేయకండి. ఎండుకాయే అయితే సులువు: కామంచి ఎండితే ముడతలు పడి తేలిగ్గా నలుగుతుంది, లోపల బోలెడు గింజలు. కాకమారి బఠాణీ అంత, పెంకు గట్టిది, పగలగొడితే ఒకే గింజ.