పాడేరు నుంచి వైజాగ్ చేరేలోపే రక్తంలోని ఆర్‌ఎన్‌ఏ పాడైపోతోంది, ఏం చేయాలి?

వైజాగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నానండీ. సికిల్ సెల్ రక్తహీనత ఉన్న పిల్లల్లో గామా గ్లోబిన్ (పిండదశ హిమోగ్లోబిన్‌లోని భాగం) జన్యువులు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో వాటి ఆర్‌ఎన్‌ఏను బట్టి కొలవాలి. పాడేరులో, గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబుల్లో తీసిన రక్తాన్ని ఐస్ బాక్సులో పెట్టుకుని, ఘాట్ రోడ్డు దిగి ల్యాబ్‌కి వచ్చేసరికి సాయంత్రమవుతోంది. ఆర్‌ఎన్‌ఏ తీసి కాంతి శోషణ కొలిస్తే 260/280 నిష్పత్తి 2.0 వచ్చిందని సంతోషపడ్డాను. కానీ అది శుభ్రతనే చెబుతుంది, ముక్కలైందో లేదో చెప్పదు కదా. జెల్ మీద చూస్తే, ముక్కలవని ఆర్‌ఎన్‌ఏలో కనిపించాల్సిన 28ఎస్, 18ఎస్ గీతలు రెండూ లేవు, కిందిదాకా పాకిన మసక చార ఒక్కటే.

ఆర్‌ఎన్‌ఏను కాపాడే ప్రత్యేక ట్యూబులు కొనే బడ్జెట్ లేదు. రక్తం తీసిన చోటే ట్రైజాల్ (కణాలను కరిగించి, ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైములను ఆపే ద్రావణం) కలిపేస్తే నిలుస్తుందా? ఏ పాళ్లలో కలపాలి? ఇప్పుడున్న శాంపిల్స్‌కి జన్యువులోని చిన్న ముక్కను పట్టే ప్రైమర్లతో క్యూపీసీఆర్ (ఆ ముక్కను పెంచుతూ ఎంతుందో కొలిచే పరీక్ష) చేస్తే ఫలితం నమ్మొచ్చా? సూదికి భయపడుతూనే చెయ్యి చాచిన పిల్లల రక్తమది, పారబోయడానికి మనసొప్పడం లేదు. ఇలాంటి పని చేసినవాళ్లు కాస్త చెప్పండి.