సీటు వెనక్కి జరిపితే ఎయిర్‌బ్యాగ్ లైట్: లోపం కనెక్టర్‌లోనా, సీటు బెల్టు బకిల్ వైరులోనా?

డ్రైవర్ సీటు బెల్టు బకిల్‌కు ఉండే, ప్రమాదంలో చిన్న పేలుడుతో బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌లో రెసిస్టెన్స్ ఎక్కువుందని స్కానర్ చూపిస్తోంది. ఆ లోపం కోడ్ చెరిపేస్తే పోతుంది, సీటు పూర్తిగా వెనక్కి జరపగానే మళ్లీ వస్తోంది. బ్యాటరీ నెగటివ్ తీసి 10 నిమిషాలు ఆగాక సీటు కింది పసుపు కనెక్టర్ విప్పాను. పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి, లాక్ క్లిప్ మాత్రం కాస్త వదులు. ప్రీటెన్షనర్ బదులు 2 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే సీటు ఎటు జరిపినా కోడ్ లేదు. అంటే ఫ్లోర్ వైరింగ్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ (కంట్రోల్ యూనిట్) బాగున్నట్టే కదా? ప్రీటెన్షనర్‌కు నేరుగా మల్టీమీటర్ పెట్టమనే సలహాలు దయచేసి వద్దు, ఆ కాస్త కరెంటుకే పేలొచ్చు.

కనెక్టర్ టెర్మినళ్లు విడిగా మార్చిన వాళ్లున్నారా? లేక వైరుతో సహా బకిల్ మొత్తం మార్చాల్సిందేనా? మార్చాక మాడ్యూల్‌కు కోడింగ్ కావాలా, కోడ్ చెరిపితే చాలా?