దాతల సంస్థతో కలిసి కాలనీ భద్రత కోసం పనిచేయాలంటే దేనికి ఒప్పుకోవాలి?

పాయకాపురం కార్యదర్శి:
మాది విజయవాడలో పాయకాపురం వైపున్న కాలనీ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు దాతలు పంపిన అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు సింగ్‌నగర్ వంతెన దగ్గరికి విరివిగానే వచ్చాయి. కానీ అక్కడి నుంచి లోపలి సందుల్లోకి చేర్చే దారి లేక, మేడల మీద చిక్కుకున్న ముసలివారికీ బాలింతలకూ అవి అందడం చాలా ఆలస్యమైంది. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ మా సంక్షేమ సంఘం దగ్గరికి వచ్చి, ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులతో సీసీ కెమెరాలు పెట్టిస్తామనీ, కుర్రవాళ్ళకు గంజాయి వంటి మత్తు పదార్థాల మీద అవగాహన సదస్సు జరుపుతామనీ అంటోంది. సంఘంలో సగం మంది వెంటనే సరేనందామంటున్నారు, మిగతావారు ఫొటోలు దిగి వెళ్ళిపోతారని కొట్టిపారేస్తున్నారు. ఇటువంటి పనుల్లో అనుభవమున్నవారు మేము ఏమి అడగాలో, దేనికి ఒప్పుకోవాలో చెప్పగలరు.

గుంటూరు స్వచ్ఛంద ఉద్యోగి:
కార్యదర్శి గారూ, ముందు ఆ డబ్బు నడిచే తీరు తెలుసుకుంటే ఆ సంస్థ ఎందుకు కెమెరాలే ఇస్తానంటోందో అర్థమవుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చుకు లెక్క చూపాలి కాబట్టి, మార్చి నెలాఖరుకు బిల్లు, ఫొటో, ప్రారంభోత్సవం అన్నీ దొరికే వస్తువుల మీదే అందరికీ మోజు. కెమెరా బిగించడం తేలిక. రెండో ఏడాది దాని కరెంటు బిల్లు, ఇంటర్నెట్ రుసుము, కోతి తెంపిన వైరు ఎవరి ఖాతాలో పడతాయో ఒప్పందంలో రాయించుకోకపోతే, స్తంభం మీద ఖాళీ డబ్బా మాత్రమే మిగులుతుంది. రికార్డయిన దృశ్యాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎవరు అడిగితే ఇస్తారో కూడా రాయించండి. కెమెరాలు అసలు వద్దని నేను అనను, నాలుగు తగ్గించి ఆ డబ్బుతో మీ వీధుల్లో తిరిగే ఒక మనిషిని రెండేళ్ళపాటు పెట్టమని అడగండి. ఒకటి కంటే ఎక్కువ ఏళ్ళు సాగే పనులకు ఆ నిబంధనల్లోనే వీలుంది.

ఇంకొక మాట. సంస్థకు విదేశీ విరాళాలు కూడా వస్తుంటే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో జరిగిన సవరణ తర్వాత ఆ సొమ్మును మరో సంఘానికి మళ్ళించడం కుదరదు. కాబట్టి మీ సంఘం ఖాతాలో డబ్బు వేయడం లేదని వారిని అనుమానించకండి.

సమాఖ్య ఆర్పీ:
నేను మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్‌గా, అంటే ఆర్పీగా, పొదుపు సంఘాలతో పనిచేస్తున్నాను. కెమెరాల సంగతి పై వారు చెప్పారు, నాకు తెలిసింది జాబితా గురించి. వరదలో కొరవడింది అన్నం కాదు, ఏ ఇంట్లో ఎవరున్నారన్న సమాచారం. డ్వాక్రా మహిళలకు తమ సందులోని ప్రతి గడపా తెలుసు, కానీ అది వారి నోట్లోనే ఉంటుంది, కాగితం మీద ఉండదు. ఒక నోటు పుస్తకంలో సందుకో పేజీ చొప్పున డోరు నంబరు, ఒంటరిగా ఉన్న వృద్ధులు, నెలలు నిండిన గర్భిణి, డయాలసిస్‌కు వెళ్ళేవారు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ దాచుకునేవారు, బయటి నుంచి మెట్లున్న మేడ, ఆ ఇంటి తలుపు తట్టవలసిన పొరుగు మనిషి పేరు రాయించండి. కరెంటు పోయిన మొదటి రోజునే ఇన్సులిన్ చల్లగా ఉంచడం ఎలా అన్న ప్రశ్న వస్తుంది, పడవ మీద వచ్చినవారికి ఆ ఇల్లు ఏదో అప్పటికప్పుడు తెలియదు. ఈ పుస్తకం ఒక ప్రతి పొదుపు సంఘాలన్నీ కలిసిన స్లమ్ సమాఖ్య దగ్గర, ఇంకొకటి వార్డు సచివాలయంలోని మహిళా పోలీసు దగ్గర ఉండాలి. దయచేసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఎవరు ఒంటరిగా ఉంటున్నారో దొంగలకు మనమే చెప్పినట్టవుతుంది. ఆ సంస్థ నిజంగా సాయం చేయదలిస్తే ఆరు నెలలకోసారి ఈ పుస్తకం సరిచూసే పనికి మనుషులనూ ఖర్చునూ ఇవ్వమనండి.

కృష్ణలంక:
నాదొక చేదు మాట. ఆ వరదలోనే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినా మా కృష్ణలంక చాలావరకు నిలిచింది, ఎందుకంటే ఏటి ఒడ్డున రక్షణ గోడ ఉంది. బుడమేరుకు గట్లు తెగాయి, మీరు మునిగారు. గోడను ఏ దాతా కట్టలేడు. సంస్థలతో కూర్చోండి, కాదనను. కానీ వారిచ్చిన కెమెరాలు చూసుకుని మురిసి, గట్ల గురించీ కాలువ ఆక్రమణల గురించీ అధికారులను అడగడం మానేస్తే, రెండిందాలా నష్టపోయేది మీరే. ఒప్పందంలో సంస్థ పేరు మాత్రమే కాకుండా నగరపాలక సంస్థ, పోలీసు స్టేషన్ చేయవలసిన పనులు కూడా రాయించండి.

గుంటూరు స్వచ్ఛంద ఉద్యోగి:
కృష్ణలంక గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. సదస్సు విషయం వదిలేశాను, చెబుతాను. ఒక్కరోజు హాలులో కూర్చోబెట్టి పోస్టర్ చూపిస్తే గంజాయి మానేవారు లేరు. విజయవాడలో 1989 నుంచి నవజీవన్ బాలభవన్ రైల్వే స్టేషన్‌కు చేరే పిల్లలతో పనిచేస్తోంది. పిల్లలు ఉన్న చోటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళి పరిచయం పెంచుకోవడమే ఇలాంటి పనికి ఆయువుపట్టు. మీ కాలనీలోనూ సాయంత్రాలు ఆటస్థలం దగ్గర ఉండే మనిషి కావాలి, వక్త కాదు. మత్తు పదార్థాలను అరికట్టే ఈగల్ పోలీసు విభాగం 1972, పిల్లల సహాయానికి 1098, మహిళలకు 181, అత్యవసరానికి 112 నంబర్లను మాత్రం ప్రతి సందు మొదట్లో గోడ మీద రంగుతో రాయించండి, దానికి సీఎస్ఆర్ నిధి కూడా అక్కరలేదు.

పాయకాపురం కార్యదర్శి:
అందరికీ ధన్యవాదాలు. కెమెరాలు సగానికి తగ్గించి, నిర్వహణ ఖర్చు రెండేళ్ళపాటు సంస్థే భరించాలనీ, క్షేత్ర కార్యకర్త ఒకరు ఉండాలనీ ముసాయిదాలో మార్పులు రాసి పంపుతున్నాం. జాబితా పని మా పొదుపు సంఘాలకే అప్పగిస్తాం. ఆర్పీ గారూ, అద్దెకుండేవారు ఏడాదికోసారి మారిపోతుంటారు కదా, వారిని కూడా రాయాలా?

సమాఖ్య ఆర్పీ:
ముందు వారినే రాయండి. సొంత ఇంటివారికి వీధంతా చుట్టాలే, పోయినేడు వచ్చినవారికి పక్కింటివారి పేరు కూడా తెలియదు. ఇల్లు మారినప్పుడు తాళం చెవి తీసుకునే రోజునే సంఘం సభ్యురాలు వెళ్ళి వివరాలు రాసుకునేలా యజమానులతో ముందే మాట్లాడుకోండి.