ఐలమ్మ పోరాడిందా, పోరాడారా?

గ్రూపులో అందరికీ నమస్కారం. హైదరాబాద్ చరిత్రలో నిలిచిన ఆడవాళ్ల పేర్లతో మా కాలనీ పార్కులో ఒక ఫలకం పెట్టమని కార్పొరేషన్‌కు అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. ఒక్కొక్కరి గురించి తెలుగులో రెండు ముక్కలు రాసే పని నాకు అప్పగించారు. అరగంట పని అనుకున్నాను. మూడు రోజులైనా క్రియాపదం దగ్గరే ఉన్నాను.

నా మొదటి ప్రతి ఇది:

సరోజినీ నాయుడు స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నర్‌గా పనిచేశారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజ్యాంగ సభలో సభ్యురాలిగా ఉన్నారు, ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. రాణీ కుముదినీ దేవి 1962లో నగర మేయరయ్యారు. మహ్ లఖా బాయి చందా ఉర్దూలో గజళ్లు రాసింది. చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను దక్కించుకుంది.

మా అమ్మాయి చదివి, "మొదటి ముగ్గురికీ 'రు', చివరి ఇద్దరికీ 'ది' ఎందుకమ్మా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆలోచించి రాసింది కాదు, చేయి దానంతట అదే అలా వెళ్లింది. గవర్నరుకు, రాజ్యాంగ సభ సభ్యురాలికి, సంస్థానం రాణికి బహువచనం. రాజదర్బారులో ఆడిపాడిన ఆవిడకు, బట్టలుతికే కులంలో పుట్టిన ఆవిడకు ఏకవచనం.

తెలుగులో ఈ చిక్కు పాతదే. 'ఆమె వచ్చింది', 'ఎద్దు వచ్చింది', 'బస్సు వచ్చింది' అన్నిటికీ క్రియ ఒకటే. మగవాడికి మాత్రం 'వచ్చాడు' అని విడిగా ఉంది. చిన్నయ సూరి కూడా బాలవ్యాకరణంలో మగవాళ్లను చెప్పే మాటలను మహత్తులని వేరుచేసి, మిగిలినవి అమహత్తులన్నారు. బహువచనంలోకి వచ్చేసరికి ఆడవాళ్లు మనుషుల వైపు చేరతారు: 'స్త్రీలు వచ్చారు', 'ఎద్దులు వచ్చాయి'. కన్నడంలో 'బందళు' అని, తమిళంలో 'వందాళ్' అని స్త్రీకి విడి రూపం ఉంది. మనకు లేదు. అందుకే తెలుగులో ఒక్క ఆడమనిషిని క్రియలో మనిషిగా చూపాలంటే గౌరవ బహువచనం ఒక్కటే దారి. ఆ దారి ఎవరికి తెరుస్తున్నామన్నదే నా బాధ.

మీరేమంటారు?

కరీంనగర్ నుంచి ఒకరు: అక్కా, మా దిక్కు 'ది'ల చిన్నచూపు లేదు. "అవ్వ అచ్చింది, నాయిన అచ్చిండు" అంటం, ఇద్దరికీ ఒక్కటే లెక్క. "ఐలమ్మ కొట్లాడింది" అంటెనే మన మనిషి అనిపిస్తది. "కొట్లాడారు" అంటె ఎవరో ఆఫీసరు లెక్క ఉంటది.

గుంటూరు నుంచి ఒకరు: మా ఇంట్లో "నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది" అనేవాళ్లం. ఇప్పటికీ నోరు తిరగదు. కానీ, కులీ కుతుబ్ షా చార్మినార్ "కట్టించాడు" అని రాస్తాం కదా. రాజుకే ఏకవచనం ఉన్నప్పుడు ఐలమ్మకు ఉంటే తప్పేంటి?

ఇద్దరికీ కలిపి చెబుతాను. కరీంనగర్ తమ్ముడి మాట నిజం. పాటలో, కథలో, ఇంట్లో 'కొట్లాడింది' అనే ఉండాలి, దాన్ని నేను మార్చమనను. కానీ ఫలకం మీద మాట్లాడేది మనం కాదు, నగరం. నగరానికి ఐలమ్మతో చనువు ఎక్కడిది? పోయిన మనిషిని చనువుగా పిలిచే హక్కు ఊరివాళ్లకు ఉంటుంది, కార్పొరేషన్‌కు ఉండదు. అదే ఫలకం మీద మేయరుకు 'రు' అని పెట్టి ఐలమ్మ దగ్గర 'ది' అంటే అది చనువులా కాదు, అంతస్తు తేడాలా కనబడుతుంది.

చార్మినార్ సంగతీ సరైనదే. చరిత్ర పుస్తకంలో 'కట్టించాడు', 'పాలించింది' అని అందరికీ ఒకే వరసలో రాస్తే గొడవ లేదు. నా ప్రతిలో ఆ వరస తప్పింది.

ఇంకో మాట. ఈ నగరం పలికే పేర్లలో ఆడవాళ్లు ముందునుంచీ ఉన్నారు, మనకు వినబడక పోతున్నారు. 'మాసబ్ ట్యాంక్' అంటే మా సాహెబా చెరువు. మా సాహెబా అంటే కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగం. హయాత్‌నగర్ కూడా ఆమె పేరే. రోజూ బస్సు కండక్టరు ఆమెను రెండుసార్లు పిలుస్తున్నాడు. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు. ఆ గేటు దాటి వెళ్లే పిల్లలు ఆమె గురించి ఏ క్రియాపదంతో చదువుతారన్నది నాకు చిన్న విషయంలా అనిపించడం లేదు.

మహ్ లఖా సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. ఆమె తల్లి కోసం కట్టించిన తోటలోనే ఆమెనూ పెట్టారు. చూసొచ్చి ఆ వాక్యం మళ్లీ రాశాను.

రెండో ప్రతి ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి:

మహ్ లఖా బాయి చందా ఉర్దూలో గజళ్లు రాశారు, మౌలాలిలో తల్లికి సమాధి కట్టించారు. చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను దక్కించుకున్నారు.

'నిలబడి' బాగుంటుందా, 'నిలిచి' చాలా? అదొక్కటి చెప్పండి, సోమవారం అర్జీ ఇవ్వాలి.